ఎస్టీ విచారణలో ‘జంకు’ను అధికారులు ఎలా కొలుస్తారు?

మాది గద్వాల దగ్గరి పల్లె, వాల్మీకి బోయ కుటుంబం. ఇక్కడ మేము బీసీ-ఏ. ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీ ప్రాంతాల వాల్మీకులు మాత్రం ఎస్టీలు. మమ్మల్నీ ఆ జాబితాలో చేర్చాలని తెలంగాణ శాసనసభ 2023 ఫిబ్రవరిలో తీర్మానించింది. ఇలాంటి ప్రతిపాదనను జనాభా లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్, ఆ తరువాత జాతీయ ఎస్టీ కమిషన్ అంగీకరించిన మీదటే కేంద్ర మంత్రివర్గానికి, పార్లమెంటుకు పంపుతారని, ఆ పరిశీలనకు 1965 నాటి లోకూర్ కమిటీ చెప్పిన ఆదిమ లక్షణాలు, విశిష్ట సంస్కృతి, భౌగోళికంగా వేరుగా ఉండటం, బయటివారితో కలవడానికి జంకు, వెనుకబాటుతనం అనేవే నేటికీ ప్రమాణాలని చదివాను.

కొన్నేళ్ల క్రితం మా ఊరికి వచ్చిన విచారణాధికారి, "అవ్వా, వేట వల ఉందా?" అని మా నాయనమ్మను అడిగారు. ఆమె అటక మీది చిరుగుల వలను దింపి, దుమ్ము దులిపి చూపింది. దానికి ఫోటో తీసుకున్నారు. మాకు ఎకరం భూమైనా ఉందా, ఇంట్లో పదో తరగతి దాటినవారు ఎవరు అన్నది అడగనే లేదు. పైగా ఆమె ధైర్యంగా జవాబులు చెప్పడమే మాకు నష్టమైందేమోనని నాకు అనుమానం!

ఈ అయిదింటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో చెప్పే లిఖిత మార్గదర్శకాలు ఉన్నాయా? క్షేత్ర నివేదిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద ఏ కార్యాలయంలో అడగాలి? ఇలాంటి విచారణల్లో పనిచేసినవారు, పరిశోధకులు దయచేసి తెలియజేయగలరు.