సమస్యాపూరణం: "కుక్క విన్న పాటె గొప్ప పాట"

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య మన పాటల పిచ్చివాళ్ల కోసం. చివరి పాదం నేనిస్తాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. మొన్న ఇక్కడే ఎవరి దగ్గర ఎన్ని గ్రామఫోన్ ప్లేట్లున్నాయనే లెక్క మొదలైంది. అది ఎవరి అభిరుచి గొప్పదనే దాకా వెళ్లింది. చివరికి ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవడమే మానేశారు. ఆ తగవేదో పద్యాల్లో తేల్చుకుందాం.

ఆటవెలది, నాలుగో పాదం:

కుక్క విన్న పాటె గొప్ప పాట

అయిదూ సూర్యగణాలే (గురువు తర్వాత లఘువు, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొందిక, కు – గొ. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను: క, గ ఒకే వర్గం, ఉకారానికీ ఒకారానికీ మైత్రి ఉంది, కాబట్టి చెల్లింది. పూరణతో పాటు మీ దగ్గరున్న ఒక్క రికార్డు గురించి కూడా రాయాలి. ఎంత పెట్టి కొన్నారో వద్దు. ఎందుకు దాచుకున్నారో చెప్పండి.

హెచ్.ఎం.వి. కంపెనీ ప్లేట్ల మీద ఉండే కుక్క బొమ్మ అందరికీ తోస్తుందని నాకు తెలుసు. తోస్తే రాయండి, అక్కడే కూర్చోకండి.

నల్లప్లేటు:
గురువుగారూ, తోసింది, రాసేశాను.

సూది గుచ్చినంత సొంపుగా పాడెడి
నల్ల పళ్లెరమ్ము నాదు సొత్తు
బొమ్మలోన కుక్క బుద్ధిగా వినుచుండు
కుక్క విన్న పాటె గొప్ప పాట

నా దగ్గరున్నవన్నీ 78లే, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాల ప్లేటు ఒకటుంది, అంచు చిట్లింది, అయినా పాడుతుంది. నాటకంలో అయితే రాగం తీసుకుంటూ పోయేవారట, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికి. పది అంగుళాల ప్లేటు మీద అవేమీ కుదరవు. ఒక పక్క మూడు నిమిషాలు, అంతే. ఆ మూడు నిమిషాల్లోనే పద్యం, రాగం, ఊపిరి అన్నీ సర్దాలి. ఆ ఇరుకే నాకిష్టం.

పృచ్ఛకుడు:
ధార బాగుంది, ఎక్కడా తడబడలేదు. రెండు మాటలు చెబుతాను. "నాదు సొత్తు"ను ఒప్పుకోని వాళ్లున్నారు, "నాకు సొత్తు" అంటే గొడవ లేదు, గణమూ యతీ అలాగే ఉంటాయి. రెండోది అసలు లోపం. మూడో పాదంలోనే కుక్కను తెచ్చి కూర్చోబెట్టారు. ఇక నాలుగో పాదం చదివేవాడికి ఆశ్చర్యం ఏముంది? సమస్యలో ముడి ఏ మాటలో ఉందో ఆ మాట పైన కనపడకూడదు.

తెనాలి తంబుర:
నాదీ ఒక చిన్న అభ్యంతరం. పళ్లెరం అంటే మా ఇంట్లో అన్నం తినేది. ప్లేటు అనే అంటాం కదండీ, పద్యంలోకి రాగానే దానికి పట్టుబట్ట కట్టాలా?

నల్లప్లేటు:
ప్లేటులో "ప్లే" గురువు, "టు" లఘువు. పెట్టుకోవచ్చు, నిజమే. మొదట్లో జంటహల్లు చూసి జంకాను.

ఎల్పీ అభిమాని:
మొన్న మాటలు మానేసిన ఇద్దరిలో నేనొకణ్ని. నల్లప్లేటు అన్నగారికే ఈ పూరణ, కోపం లేకుండా.

పాడినట్టివారి పేరెవ్వ రడుగరు
బిళ్ల చూచి వెలను పెంచువారె
పాతసరుకు సంత బయటపెట్టె నిజము
కుక్క విన్న పాటె గొప్ప పాట

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో కళ్లారా చూశాను. ఒకాయన ప్లేటు తీస్తాడు, మధ్యలో కుక్క బొమ్మ ఉన్న కంపెనీ బిళ్ల ఉంటే సంచీలో వేసుకుంటాడు, లేకపోతే తిరిగి కుప్పలో పడేస్తాడు. ఎవరు పాడారో ఒక్కసారి కూడా చదవలేదు! నేను దాచుకున్నది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్.పి., అంటే నిదానంగా తిరిగి ఎక్కువసేపు పాడే ప్లేటు. కుక్క కోసం కాదు, మధ్యలో లేచి ముల్లు మార్చనక్కర్లేకుండా ఒక పక్కంతా కళ్లు మూసుకుని వినొచ్చని.

పృచ్ఛకుడు:
భావం కత్తిలా ఉంది. వ్యంగ్యంతో సమస్యను విప్పారు, గొప్ప అనే మాటనే ఎత్తిపొడుపుగా మార్చారు. కానీ మొదటి పాదం చూడండి. పా – పే. ఆకారానికీ ఏకారానికీ మైత్రి లేదు, యతిభంగం.

ఎల్పీ అభిమాని:
అయ్యో, ప-ప అని హల్లు చూసి సరిపెట్టుకున్నాను. ఇది చూడండి:

పాడువారి పేరు పట్టదెవ్వరికిని

పృచ్ఛకుడు:
చక్కగా కుదిరింది. ముందుదాని కంటే మాట కూడా సహజంగా ఉంది. తప్పు దిద్దుకుంటే ఒక్కోసారి ఇలా లాభమే వస్తుంది.

నల్లప్లేటు:
ఆ సంచీ మనిషిని నేనే అనుకుంటారేమో, కాదు. నిజానికి ఈ బిళ్ల పట్టింపు నాక్కూడా నవ్వే. మా నాన్న కుక్క పక్షం, మా బాబాయి రెండు స్వరాల గుర్తున్న కొలంబియా పక్షం. కొలంబియాలోనే గొంతు గుండ్రంగా వస్తుందని బాబాయి వాదన, దాని మీద పండగ భోజనాలు చల్లారిపోయేవి. ఆ రెండు కంపెనీలూ 1931లోనే లండన్లో కలిసిపోయి ఇ.ఎం.ఐ. అయ్యాయి. ఆ తర్వాత ఇక్కడ రెండు బిళ్లల ప్లేట్లూ కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలోనే అచ్చయ్యాయి. ఒకే లక్క, ఒకే మర. ఈ సంగతి నాకు తెలిసే నాటికి ఇద్దరూ లేరు.

తెనాలి తంబుర:
లక్క అన్నారు కాబట్టి అడుగుతున్నా, 78ల్లో వాడింది మన చెట్ల మీద పురుగు పెట్టే లక్కేనా?

నల్లప్లేటు:
అదే అమ్మా. శుద్ధి చేసి, రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. ఆ రాతిపొడే ముల్లును అరగదీస్తుంది. అందుకే ఉక్కు ముల్లు ఒక పక్క పాడగానే తీసేయాలి. మా ఇంట్లో పిసినారితనం కొద్దీ పదేసి పాటలకు ఒకటి వాడారు. నా ప్లేట్లలో వినపడే గరగర సగం దాని పుణ్యమే.

అర్ధరాత్రి శ్రోత:
నేను ఈ తరం మనిషిని, ఇంట్లో ఒక్క ప్లేటు కూడా లేదు. రావచ్చా?

అమ్మ నిద్రపోవు నర్ధరాత్రమునందు
చప్పుడైన తిట్లజల్లు కురియు
తీగచివరి మొగ్గ తిన్నగా చెవిలోన
కుక్క, విన్న పాటె గొప్ప పాట

రికార్డు అంటే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఇంటర్ చదివేటప్పుడు రాత్రి ఒంటిగంటకు ఇయర్‌ఫోన్లో విన్న పాటలన్నీ ఒక జాబితాగా ఉంచుకున్నాను. పగలు వింటే అవి మామూలు పాటలే.

పృచ్ఛకుడు:
భలే! ఇదీ విరుపు అంటే. కుక్కను జంతువు నుంచి క్రియకు మార్చేశారు. కుక్కు ధాతువు, చెవిలో కుక్కగా అని అర్థం. పైన మూడు పాదాల్లో ఎక్కడా జంతువు వాసన లేదు. తీగచివరి మొగ్గ అనడం ఇంకా ముచ్చటగా ఉంది. తీగ తీగే, మొగ్గ మొగ్గే, ఇంగ్లీషు మాట ఒక్కటీ లేకుండా వస్తువు కళ్లకు కట్టింది. "పోవు నర్ధరాత్రము" దగ్గర నుగాగమం (అచ్చు ముందు వచ్చి చేరే నకారం) కూడా సరిగ్గా వేశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

అర్ధరాత్రి శ్రోత:
ఇక్కడే సార్, పాత పూరణలు చదివి. యతి చూసుకోవడానికి అరగంట పట్టింది, టెన్షన్ పడుతూనే పెట్టాను.

నల్లప్లేటు:
తమ్ముడూ, ప్లేటు లేదని బాధపడకు. పద్యం మాత్రం నాకంటే ముందుంది, ఒప్పుకుంటున్నాను.

కొత్తకవి:
నేనూ మొదటిసారి. తప్పులుంటే తిట్టండి.

ఫోనులోన పాట పుంఖానుపుంఖమ్ము
ఒక్కటైనా నిలువ దొక్కచోట
వీధి చివర మొరిగి వేసారి పడుకొన్న
కుక్క విన్న పాటె గొప్ప పాట

పృచ్ఛకుడు:
తిట్టడానికేం లేదు. "ఒక్కటైనా"లో "టైనా" రెండు గురువులు, అది సూర్యగణం కాదు. "ఒక్కటైన" అంటే చాలు. అసలు ప్రశ్న వేరు. ఆ కుక్క ఏ పాట విన్నది?

కొత్తకవి:
మా ఊళ్లో పెళ్లి పందిరి మైకులో వచ్చే పాట సార్. ఊరంతా ఒకే పాట వినేది కదా, దాటవేసే బటన్ లేదు. కుక్క కూడా అదే వింటుంది.

పృచ్ఛకుడు:
ఎంత మంచి మాట! కానీ అది మీ మనసులో ఉంది, పద్యంలో లేదు. మైకును మూడో పాదంలోకి తెండి.

కొత్తకవి:
వీధి మైకు కింద వెచ్చగా పడుకొన్న

సరిపోయిందా?

పృచ్ఛకుడు:
సరిపోయింది. మొరగడం, వేసారడం పోయినందుకు పద్యం తేలికపడింది కూడా. మీ రికార్డు సంగతి చెప్పలేదు.

కొత్తకవి:
మా మైకుసెట్టు మామ దగ్గర తెచ్చుకున్న క్యాసెట్టు ఒకటుంది, సి-90. ఒక పక్క భక్తిపాటలు, రెండో పక్క సినిమా పాటలు. టేపు బయటికొస్తే పెన్సిల్ పెట్టి తిప్పి తిప్పి లోపలికి పంపాను. ఇప్పుడు వినడానికి మెషిన్ లేదు, పెన్సిల్ మాత్రం ఉంది.

తెనాలి తంబుర:
చాలాసేపటి నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నాను.

తాత పోయినాడు తలుపు దగ్గర నేడు
మూగజీవి యొకటి మోర సాచి
ఆతడుంచి వెళ్లినట్టి పళ్లెము పెట్ట
కుక్క విన్న పాటె గొప్ప పాట

(పళ్లెం మీద నేనే అభ్యంతరం చెప్పి నేనే వాడాను, క్షమించండి.) తాతయ్య రోజూ సాయంత్రం ఘంటసాల గారి భగవద్గీత ఎల్.పి. పెట్టేవారు. వీధి కుక్క ఒకటి వచ్చి గడప అవతల పడుకునేది. ఆయన పోయాక నెల రోజులు ఎవరం పెట్టలేదు. ఒకరోజు దుమ్ము తుడుస్తూ పెట్టాను. అది వచ్చింది.

ఎల్పీ అభిమాని:
ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. గీత ఆయన చివరి రోజుల్లో పాడింది. అందుకేనేమో అది మోగుతుంటే మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మీ పద్యం చదివి కాసేపు ఊరుకున్నానండీ.

పృచ్ఛకుడు:
ఈ పద్యానికి విమర్శ రాయడం కష్టంగానే ఉంది, అయినా నా పని నేను చేయాలి. "సాచి" తర్వాత అచ్చుతో పాదం మొదలైంది, "యాతడుంచి" అనడం పద్ధతి. "వెళ్లినట్టి"లో అట్టి అకారంతో యతి చెల్లింది. మూగజీవి అన్నారు, మొరిగేదాన్ని మూగ అనొచ్చా అని ఎవరైనా అడగొచ్చు. నేనడగను. మోర అనే మాట సరైన చోట పడింది.

ఒక కథ గుర్తొచ్చింది. ఆ బిళ్ల మీది కుక్క పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు గీశాడు. ముందు గీసినప్పుడు దాని ఎదురుగా ఉన్నది మైనపు గొట్టంతో పాడే ఫోనోగ్రాఫు. 1899లో గ్రామఫోన్ కంపెనీ బొమ్మను కొన్నప్పుడు, దాని మీదే గ్రామఫోను యంత్రం గీయించుకుంది. నిప్పర్ అప్పటికే చనిపోయి నాలుగేళ్లు. బొమ్మ కింద రాసింది "తన యజమాని గొంతు" అని. మీ గడప దగ్గర జరిగింది కూడా అదేగా అమ్మా.

నల్లప్లేటు:
ఎల్పీ తమ్ముడూ, మొన్నటి మాటలు మర్చిపో. ఆ సుప్రభాతం ప్లేటు తీసుకుని ఆదివారం రా. నా దగ్గర మూడు స్పీడుల ప్లేయరు ఉంది, 33 కూడా తిరుగుతుంది.

ఎల్పీ అభిమాని:
వస్తాను అన్నా. ముల్లు మాత్రం కొత్తది పెట్టండి, మీ 78 ముల్లు నా ప్లేటు మీద ఆనితే ఊరుకోను.

ఇల్లాలు:
ఆలస్యంగా వచ్చాను, చివరి పూరణ నాదే అనుకుంటా.

అమ్మ పాడుచుండ నరుగు మీదను చేరి
మీట నొక్కినాను మెల్లగాను
నడుమ మొరిగినట్టి నాదమ్ము చేరెను
కుక్క విన్న పాటె గొప్ప పాట

నా సేకరణ అంటే ఒక్క క్యాసెట్టే. అమ్మ బియ్యం ఏరుకుంటూ పాడుతుంటే తనకు తెలియకుండా రికార్డు చేశాను. తెలిస్తే పాడదు. మధ్యలో మా రాజు మొరిగాడు, అమ్మ "ష్, పోరా" అని అదిలించి మళ్లీ అక్కడి నుంచే అందుకుంది. తాళం కూడా తప్పలేదు.

పృచ్ఛకుడు:
యతులు చూసుకున్నాను, అన్నీ చెల్లాయి. మొరిగింది ఎవరో చివరి పాదం దాకా దాచారు. నల్లప్లేటు గారికి నేను చెప్పింది ఇదే. "నాదమ్ము" అన్న మాట మొరుగుడికి వాడటం చూసి నవ్వొచ్చింది, మార్చకండి.

అర్ధరాత్రి శ్రోత:
అక్కా, ఆ క్యాసెట్టు పంపిస్తే కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తాను. గరగర తగ్గించొచ్చు. మొరుగుడు కూడా ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు, గొంతు చెడదు.

ఇల్లాలు:
పంపిస్తాను తమ్ముడూ, చాలా థ్యాంక్స్. గరగర తీసెయ్. రాజును మాత్రం ముట్టుకోకు. వాణ్ని తీస్తే అమ్మ "పోరా" అన్నది ఎవరినో తెలియదు.