ఎక్స్‌ఎల్‌డీ (పేగు బ్యాక్టీరియాను పెంచి గుర్తించే ప్లేటు) మీద నల్ల చుక్క ఉంటే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అని రాసేయొచ్చా?

ఎంఎల్‌టీ_నల్లగొండ:
అన్నలూ అక్కలూ, విరేచనాల శాంపిల్ వేస్తే మెకాంకీ అనే ఇంకో ప్లేటు మీద రంగులేని కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు), ఎక్స్‌ఎల్‌డీ మీద ఎర్ర కాలనీల మధ్యలో నల్ల చుక్క వచ్చింది. రిపోర్ట్ ఇచ్చేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_ల్యాబ్:
ఆగు తమ్మీ. ఎరుపంటే లైసిన్‌ను విడగొట్టి మీడియాను మళ్లీ క్షారంగా మార్చిందని, నలుపు హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వస్తుంది. సాల్మొనెల్లా గుణమే, కాదనను, కానీ ప్రోటియస్ అనే బ్యాక్టీరియాలో కొన్ని కూడా ఇదే వేషం వేస్తాయి. యూరియేజ్ టెస్ట్ (యూరియాను విడగొడుతుందా అని చూసేది) పెట్టు, గులాబీ రంగుకు తిరిగితే సాల్మొనెల్లా కాదు. తర్వాత టీఎస్‌ఐ (చక్కెరల పులియబెట్టడం, హైడ్రోజన్ సల్ఫైడ్ చూసే ట్యూబు), చివరికి యాంటీసీరంతో అగ్లుటినేషన్ (యాంటీబాడీలు కలిపితే గడ్డకడుతుందా అని చూడటం). అప్పటిదాకా 'అనుమానితం' అనే రాయి. ఇంకో చిక్కు, టైఫీ (టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా) అయితే నలుపు చాలా తక్కువగా రావొచ్చు, నల్ల చుక్క లేకుండా ఎర్రగా వచ్చే షిగెల్లా అనుకుని పక్కన పెట్టకు.

మిర్యాలగూడ_మైక్రో:
అక్క చెప్పింది కరెక్ట్. ప్లేట్లు నువ్వే పోస్తున్నావా? ఎక్స్‌ఎల్‌డీని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) పెట్టొద్దు, మరిగేదాకా కాచి 50 డిగ్రీలకు చల్లారాక పోయాలి. చాలామంది అలవాటు కొద్దీ ఆటోక్లేవ్‌లో తోసేసి, ఆ తర్వాత మీడియా కంపెనీని తిడతారు.

ఎంఎల్‌టీ_నల్లగొండ:
థాంక్స్ అన్నా. కలరా అనుమానమైతే ఇదే ప్లేటు సరిపోతుందా?

పాలమూరు_ల్యాబ్:
సరిపోదు, టీసీబీఎస్ (విబ్రియో బ్యాక్టీరియా కోసం వాడే ప్లేటు) కావాలి. పీహెచ్ 8.6 ఉంటుంది, మామూలు పేగు బ్యాక్టీరియా అక్కడ సరిగ్గా ఎదగదు. కలరా తెచ్చే విబ్రియో కలరే సుక్రోజ్‌ను పులియబెడుతుంది కాబట్టి పసుపు కాలనీలు, దాని బంధువు విబ్రియో పారాహీమోలిటికస్ అయితే ఆకుపచ్చవి. ముందు శాంపిల్‌ను ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో (విబ్రియోను ముందుగా పెంచే క్షార ద్రవం) 6 నుంచి 8 గంటలు ఉంచు. ఆక్సిడేస్ టెస్ట్ (ఆ ఎంజైమ్ ఉందా అని చూసేది) మాత్రం టీసీబీఎస్ కాలనీతో నేరుగా చేయకు, న్యూట్రియెంట్ అగార్ అనే మామూలు ప్లేటు మీదకు మార్చాకే చెయ్.