రోజుకు 20 ఇంగ్లీషు మాటలకు అర్థాలు బట్టీ పడితే లాభం ఉందా?

బెజవాడ_కుర్రోడు: బ్యాంకు పరీక్షల్లో ఇంగ్లీషు దగ్గరే పోతోంది. రోజూ 20 మాటలు, తెలుగు అర్థాలతో నోట్సులో రాసి బట్టీ పడుతున్నా. దారి సరైనదేనా?

లెక్కల_పంతులు: కాదు తమ్ముడూ. శాంక్షన్ అంటే ఏం రాశావు? మంజూరు అనే కదా, లోను శాంక్షన్ అయింది అంటాం కాబట్టి. మరి 2022లో రష్యా మీద అమెరికా పెట్టిన శాంక్షన్లు? అవి ఆంక్షలు. వాక్యాన్ని బట్టి అర్థం తిరగబడుతుంది. జీఆర్‌ఈ (అమెరికాలో పైచదువులకు రాసే పరీక్ష) వాళ్లు కూడా 2011లో వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేసి, వాక్యాల్లో ఖాళీలు నింపేవి ఉంచారు. రోజూ పేపరు చదువు, మాటలు అవే వస్తాయి.

పాలమూరు_పోరడు: రెండు అర్థాలూ రాసుకుంటే పోలే?

లెక్కల_పంతులు: మూడోది వస్తే?

పాలమూరు_పోరడు: మూడోదీ రాస్తా.

నిద్రపట్టనోడు: ఇవాళ్టికి శాంక్షన్ దాటేలా లేరు.

డల్లాస్_పిన్ని: పంతులు గారన్నది నిజం. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకావిడను 'మీరు చాలా హోమ్లీగా ఉంటారు' అని మెచ్చుకున్నా. పెళ్లి ప్రకటనల్లో చూసిన మాట. ఇక్కడ దానికి అర్థం అందవిహీనం అని! నెల రోజులు మాట్లాడలేదు ఆవిడ.

లెక్కల_పంతులు: చూశారా!

పాలమూరు_పోరడు: ఏం చూడాలి సార్? పిన్ని బట్టీ పట్టలేదు. పేపర్లో చదివే నేర్చుకుంది. అది మీరు చెప్పే పద్ధతే.

లెక్కల_పంతులు: వితండవాదం. బట్టీ పట్టి ఇంగ్లీషు మాట్లాడినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు.

పాలమూరు_పోరడు: నన్ను చూడండి. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇంటికి పేపరు కూడా రాదు. డిగ్రీలో పేజీకి నలభై మాటలు తెలియవు. సందర్భాన్ని బట్టి పట్టుకోమంటే ఎట్ల? చుట్టూ ఉన్న మాటలూ తెలియవాయె. క్లాసులో లేచి అర్థం అడిగితే నవ్విన్రు. ఆ రోజు నుంచి నోట్సే నాకు మాస్టారు. మీ పిల్లలు ఏ మీడియం?

లెక్కల_పంతులు: పిల్లల ఊసెందుకు?

పాలమూరు_పోరడు: చెప్పండి.

లెక్కల_పంతులు: ఇంగ్లీషు మీడియమే. నువ్వు నవ్వింది నేనే అన్నట్టు మాట్లాడుతున్నావు.

పాలమూరు_పోరడు: మీరు కాదు సార్. మీలాగే మాట్లాడేటోళ్లు.

నిద్రపట్టనోడు: అసలు ఏ మాటలు రాస్తున్నాడో ఒక్కరూ అడగలేదు. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఆయన 1953లో సుమారు 2000 మాటలతో ఒక జాబితా వేశాడు, నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేవి. కుర్రోడా, నీ నోట్సులో ఏమున్నాయి?

బెజవాడ_కుర్రోడు: అబ్‌స్ట్రూస్, గారులస్, ఇంకా అలాంటి అరుదైన మాటలే. నిన్న మాక్ టెస్టులో తప్పు చేసింది మాత్రం 'అన్‌లెస్' దగ్గర.