అప్‌డేట్: గోదాము దగ్గర పోతున్న గంటల సంగతి

డల్లాస్‌లో ఒకే ట్రక్కు నడుపుకునే నేను, సరుకు ఎక్కేవరకు ఆగిన సమయం కూడా ఎలక్ట్రానిక్ లాగ్‌లో (డ్రైవరు గంటలు నమోదయ్యే పరికరం) 14 గంటల గడువును (డ్యూటీ మొదలయ్యాక ఆలోపే డ్రైవింగ్ ముగించాలి) తినేస్తోందని గత నెల అడిగాను. మీరు సూచించిన 7/3 విభజన, అంటే 10 గంటల విశ్రాంతిని 7, 3 గంటలుగా విడగొట్టి తీసుకోవడం, పనిచేసింది. మొన్న హ్యూస్టన్‌లో డాక్ (సరుకు ఎక్కించే చోటు) 3 గంటల 10 నిమిషాలు ఖాళీ కాకపోవడంతో, లాగ్‌ను స్లీపర్ బెర్త్‌కు (ట్రక్కులోని పడక) మార్చి నడుం వాల్చాను. రాత్రి బెర్త్‌లో తీసుకున్న 7 గంటల విశ్రాంతితో అది జతపడగానే, ఆ నిరీక్షణ సమయం 14 గంటల లెక్కలోంచి తొలగిపోయింది. 11 గంటల డ్రైవింగ్ పరిమితి మాత్రం పెరగదు. మధ్యలో ట్రక్కును పక్క డాక్‌కు జరపమంటే విశ్రాంతి తెగిపోతుంది. పెద్ద కంపెనీకైతే మరో డ్రైవరు ఉంటాడు, నాకు నేనే దిక్కు. నిరీక్షణకు రావలసిన డబ్బు ఇంకా లోడ్ ఇప్పించిన బ్రోకరు దగ్గరే ఉంది.