కొర్రమట్ట అని అమ్మే బోన్‌లెస్ ముక్క బాసానా కాదా: సీక్వెన్సర్ లేని ల్యాబుల ఎట్ల తేల్చాలె?

హన్మకొండ_బయోటెక్

డిగ్రీ కాలేజీ ల్యాబుల ఆరు నెలల ప్రాజెక్టు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల కొర్రమట్ట పేరు మీద అమ్ముడుపోయే బోన్‌లెస్ ముక్కలు, హోటళ్ల ఫిష్ ఫ్రై కలిపి 40 నమూనాలు తేవాలనుకుంటున్నం. పీసీఆర్ మెషిన్ (డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసేది), జెల్ ట్యాంకు (ఆ ముక్కలను సైజు ప్రకారం విడదీసేది), స్పెక్ట్రోఫోటోమీటర్, మైక్రోస్కోపు ఉన్నయి. సీక్వెన్సర్ (డీఎన్ఏ అక్షరాలను వరుసగ చదివే మెషిన్) లేదు, అన్నీ బయటికి పంపుదమంటే పైసలు సరిపోవు. మూడు సంగతులు తేలాలె: ముక్క కొర్రమట్టదేనా లేక బాసా అనే పొలుసు లేని క్యాట్‌ఫిష్‌దా, ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లు, చేప చెడకుండ కొందరు పూసేది) తగిలిందా, గడ్డకట్టించి కరిగించిన చేపను తాజాది అంటున్నరా. మూడింటికీ ఒకటే పరీక్ష ఉన్నదా? లేకుంటే ఏది ముందు పెట్టుకోవాలె?

జెల్_డాక్

ఒకటే పరీక్ష లేదు తమ్మీ. జాతి సంగతి డీఎన్ఏ చెప్తది, ఫార్మలిన్ సంగతి రంగు చెప్తది, గడ్డకట్టిందా లేదా అన్నది కణం చెప్తది. జాతితోనే మొదలుపెట్టు, నీ దగ్గర ఉన్న సామానుకు అదే కుదురుతది.

ల్యాబుకు రాకముందే ఒక మాట. కొర్రమట్ట గాలి పీల్చే చేప, తొట్టిల గంటలకొద్దీ బతికే ఉంటది, అందుకే బతికినదాన్నే కోసి ఇస్తరు. ముందే కోసి ఐసు మీద పేర్చిన తెల్ల ముక్క కొర్రమట్ట అంటే అక్కడనే అనుమానపడాలె. తోలు ఉంటే లెన్సు పెట్టి చూడు: కొర్రమట్టకు పొలుసులుంటయి, గీకినా వాటి గుంటల గుర్తులు పోవు. బాసాకు పొలుసే ఉండదు. తోలు తీసిన ముక్కకే డీఎన్ఏ ఖర్చు పెట్టు.

నమూనా: అంగట్ల ఒకటే కత్తి, ఒకటే మొద్దు మీద రవ్వ, బొచ్చె, బాసా అన్నీ నరుకుతరు. పైపొర గీకితే పక్క చేప డీఎన్ఏ వస్తది. పైది కోసి పడేసి లోపలి కండ 25 మిల్లీగ్రాములు తీసుకో. ఒక్కో నమూనాకు కొత్త బ్లేడు. మిగిలింది 95 శాతం ఇథనాల్‌ల, కండకు పదింతలు పోసి, మైనస్ 20ల పెట్టు. ఫార్మలిన్‌ల మాత్రం దాచకు: డీఎన్ఏ ముక్కలయితది, అదే బల్ల మీద చేసే ఫార్మలిన్ పరీక్ష కూడ చెడుతది.

ప్రొటీనేజ్ కె (కండను కరిగించే ఎంజైమ్) వేసి 56 డిగ్రీల దగ్గర కండ పూర్తిగ కరిగేదాక ఉంచి, కాలమ్ కిట్‌తోనో ఉప్పు పద్ధతితోనో డీఎన్ఏ తియ్యి. డీఎన్ఏ శుద్ధంగ ఉన్నదా చెప్పే 260/280 నిష్పత్తి (ఆ రెండు నానోమీటర్ల దగ్గరి స్పెక్ట్రో అంకెలు) 1.8 నుంచి 2.0 మధ్య రావాలె. చేప వెయ్యని ఖాళీ ట్యూబు ఒకటి మొదటి నుంచి చివరిదాక వెంబడి నడవాలె. దాంట్ల బ్యాండు వస్తే ఆ రోజు పని మొత్తం రద్దు.

సీక్వెన్సర్ లేకున్నా ఆర్ఎఫ్ఎల్‌పీ ఉన్నది: డీఎన్ఏ ముక్కను ఎంజైములతోని కోసి, తెగిన ముక్కల సైజులను బట్టి జాతిని తేల్చుడు. సైటోక్రోమ్ బి జన్యువుల 464 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్కను పెంచి డీడీఈ-1, హే-3, ఎన్ఎల్ఏ-3 ఎంజైములతోని కోసే పద్ధతి చేపలకు బాగ వాడినదే. పీసీఆర్ 25 మైక్రోలీటర్లు: మాస్టర్‌మిక్స్ (నకళ్లు తీసే పాలిమరేజ్ ఎంజైమ్ ఉన్న రెడీ మిశ్రమం) 12.5, ప్రైమర్లు (ఏ ముక్కను పెంచాల్నో గుర్తుపెట్టే చిన్న డీఎన్ఏలు) ఒక్కోటి 1, డీఎన్ఏ 2, నీళ్లు 8.5. కోతకు 20 మైక్రోలీటర్లు: పీసీఆర్ సరుకు 10, బఫర్ 2, ఎంజైమ్ 0.5, నీళ్లు 7.5. 37 డిగ్రీల దగ్గర 2 గంటలు, ఆ తర్వాత 3 శాతం అగరోజ్. మామూలు 1 శాతం జెల్‌ల 100 బేస్‌ల కింది ముక్కలు కనిపించవు, "కోత పడలేదు" అని మోసపోతవు.

ఏ జాతికి ఎన్ని బ్యాండ్లు అన్నది నా మాట మీద ఆధారపడకు. కొర్రమట్ట, బాసా, రవ్వ, మార్పు (ఇది కూడ క్యాట్‌ఫిష్ రకమే) సీక్వెన్సులు డేటాబేసుల నుంచి దించుకొని ముందు కంప్యూటర్‌ల కోసి చూడు. మనకాడ బాసా పేరుతో వచ్చేది చాలమటుకు పంగాసియనోడాన్ హైపోఫ్తాల్మస్. అసలు బాసా పంగాసియస్ బోకోర్టి, అది వేరు. రెండూ దించుకో. తొట్టిల బతికున్న కొర్రమట్టను నీ కండ్ల ముందట కోయించి, దాన్ని ప్రతి జెల్ల మీద పక్క లేన్‌ల పెట్టు. అది లేని జెల్ ఫొటోను నేనైతే నమ్మ.

తడిబల్ల

పై జవాబుకు రెండు చేర్పులు. ఫ్రై ముక్కల్లో 464 బేస్‌ల ముక్క చాలాసార్లు పెరగదు. నూనె వేడికి డీఎన్ఏ తునాతునకలవుతుంది, దానికి తోడు పసుపు, కారం పాలిమరేజ్‌ను ఆపేస్తాయి. బ్యాండు రాకపోతే వెంటనే డీఎన్ఏ ఎక్కువ వేయకండి, ఆటంకం ఇంకా పెరుగుతుంది. ముందు 10 రెట్లు పలచన చేసి చూడండి, లేదా బీఎస్ఏ (ఆటంకాన్ని తగ్గించే ప్రొటీన్) కలపండి. అప్పటికీ రాకపోతే 200 బేస్‌ల లోపు మినీ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టే చిన్న డీఎన్ఏ ముక్క) ప్రైమర్లు అవసరం. వాటిని కోత ఎంజైములతో తేల్చలేరు, సీక్వెన్సింగుకే పంపాలి. అందుకని 40లో ఫ్రై ముక్కలు పదికి మించకుండా చూసుకోండి.

రెండోది పేరు పెట్టడం. సందేహం ఉన్న 8, 10 నమూనాలకు సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువు (ఫిష్ ఎఫ్1, ఫిష్ ఆర్1 ప్రైమర్లతో సుమారు 655 బేస్‌లు, 54 డిగ్రీల దగ్గర 35 చక్రాలు) సీక్వెన్స్ చేయించి డేటాబేసుతో 98 శాతానికి పైగా పోలిక చూస్తారు. కానీ డేటాబేసుల్లో తప్పు పేరుతో ఎక్కించిన సీక్వెన్సులు ఉన్నాయి. మొదటి వరుస ఒక్కటి చూసి రాయకండి, పైనున్న 20 ఫలితాలూ ఒకే జాతిని చూపాలి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపే సంకేతం) కనిపిస్తే అది మైటోకాండ్రియా జన్యువు కాదు, కేంద్రకంలో పడి ఉన్న నకలు.

ఇంకొకటి: ఈ రెండు జన్యువులూ తల్లి నుంచే వస్తాయి. మార్పు పేరుతో అమ్మే సంకర క్యాట్‌ఫిష్ తల్లి ఏ జాతిదైతే ఆ పేరే చూపిస్తుంది. "ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కలవలేదు" అని సీఓఐతో రాయకూడదు.

హన్మకొండ_బయోటెక్

మస్తు పనికొచ్చింది. ఫార్మలిన్‌కు కాగితపు కిట్లు సరిపోతయా, లేక స్పెక్ట్రోల పెట్టాలెనా?

జెల్_డాక్

కొచ్చిలోని సీఐఎఫ్‌టీ (కేంద్ర చేపల సాంకేతిక సంస్థ) తయారుచేసిన కిట్ అసొంటివి అంగట్ల జల్లెడ పట్టుటానికి మంచివే. కాని రంగు వస్తే అంకె కావాలె, దానికి నాష్ పద్ధతి. 100 మి.లీ. నీళ్లల్ల అమ్మోనియం అసిటేట్ 15 గ్రాములు, అసిటైల్ అసిటోన్ 0.3 మి.లీ., అసిటిక్ ఆమ్లం 0.2 మి.లీ. కలిపి గోధుమరంగు సీసాల ఫ్రిజ్‌ల పెట్టు. కండ 30 గ్రాములు 60 మి.లీ. 6 శాతం టీసీఏల (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంల) రుబ్బి, వడబోసి, పొటాషియం హైడ్రాక్సైడ్‌తోని పీహెచ్ 6.0–6.5కు తే. ఆ రసం 5 మి.లీ., నాష్ ద్రావకం 2 మి.లీ. కలిపి 60 డిగ్రీల నీళ్లల్ల 30 నిమిషాలు ఉంచితే పసుపు రంగు వస్తది. 415 నానోమీటర్ల దగ్గర చదువు.

తప్పు జరిగేది ఇక్కడ: అందరు 60 మి.లీ.తోని లెక్క కడ్తరు. 30 గ్రాముల కండల నీళ్లే సుమారు 22 మి.లీ. ఉంటయి, కాబట్టి మొత్తం 82. అది మరిస్తే నాలుగో వంతు తక్కువ చూపిస్తది. స్టాండర్డుకు వాడే ఫార్మలిన్ సీసా అడుగున తెల్లగ పేరుకుంటే, సీసా మీద రాసిన 37 శాతం నమ్మకు, టైట్రేషన్ చేసి బలం తేల్చుకో. తెలిసిన రవ్వ కండల కొలిచి కలిపి ఎంత తిరిగి వస్తుందో కూడ చూడు. ఫార్మలిన్ ప్రొటీన్‌కు అతుక్కుంటది, టీసీఏకు దొరికేది విడిగ ఉన్నదే.

తడిబల్ల

కిట్ రంగు విషయంలో సముద్రపు చేపకూ చెరువు చేపకూ ఒకే తీర్పు ఇవ్వకండి. సముద్రపు చేపల్లో టీఎంఏఓ (ట్రైమిథైలమైన్ ఆక్సైడ్) అనే సహజ పదార్థం ఉంటుంది. అది విరిగితే ఫార్మాల్డిహైడ్ దానంతట అదే పుడుతుంది, బొంబాయి డక్‌లో మరీ ఎక్కువ. చెరువు చేపల్లో టీఎంఏఓ చాలా తక్కువ, కాబట్టి పాకాల రవ్వలో గట్టి పసుపు వస్తే దానికి బయటి కారణం వెతకాలి. ఇదే కారణంతో చెరువు చేప తాజాదనానికి ట్రైమిథైలమైన్ (టీఎంఏఓ నుంచి వచ్చేదే) కొలవడం దండగ.

గడ్డకట్టించిన చేపకు హెచ్ఏడీహెచ్ పరీక్ష ఉంది. ఇది మైటోకాండ్రియా ఎంజైమ్. మంచు గింజలు కణాన్ని చీలిస్తే కండ పిండిన రసంలోకి వచ్చేస్తుంది, 340 నానోమీటర్ల దగ్గర ఎన్ఏడీహెచ్ (ఆ ఎంజైమ్ వాడుకునే పదార్థం) తగ్గే వేగంతో కొలుస్తారు. రసాయనాలు ఖరీదు. మొత్తం చేప దొరికితే రక్తపు స్లైడు చాలు: వెన్నెముక కింది రక్తం పూసి, లీష్‌మన్ రంగు వేసి, మైక్రోస్కోపులో చూడండి. చేప ఎర్రకణాలు కోలగా, కేంద్రకంతో ఉంటాయి. కరిగించిన చేపలో కణాలు పగిలి ఉత్త కేంద్రకాలు మిగులుతాయి. ఐసు మీద చాలా రోజులున్న చేపలో కూడా కొన్ని పగులుతాయి కనుక, 1, 3, 5 రోజుల ఐసు చేపల స్లైడ్లు పక్కన లేకుండా తీర్పు చెప్పకండి. బోన్‌లెస్ ముక్కకు ఇది పనికిరాదు.

నమూనా_సీసా

రిపోర్టుల హోటల్ పేరు రాయకు, కోడ్ నంబరే రాయి. కాలేజీ ల్యాబు ఫలితం కేసుకు చెల్లదు. ఆహార భద్రత చట్టం 2006, సెక్షన్ 40 కింద కొన్నోళ్లు కూడ రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్‌తోని పరీక్ష చేయించుకోవచ్చు, కాని కొనేటప్పుడే ఆ సంగతి అమ్మేటోనికి చెప్పాలె. అధికారి తీస్తే నమూనా నాలుగు భాగాలు అయితది, అనలిస్ట్ రిపోర్టుకు గడువు 14 రోజులు. అడిగిన సరుకు కాకుండ వేరేది అంటగడితే సెక్షన్ 50 కింద 5 లక్షల దాక జరిమానా.

హన్మకొండ_బయోటెక్

ఆఖరుది. కోసిన బ్యాండ్లు కూడితే 464 కంటే ఎక్కువ వస్తే రెండు చేపలు కలిసినట్టేనా?

జెల్_డాక్

తొందరపడకు. పైన 464 బ్యాండు ఇంక ఉన్నదంటే ముందు కోత పూర్తి కాలేదని అనుకోవాలె. ఎంజైమ్ రెండింతలు వేసి 4 గంటలు ఉంచు. పక్క లేన్‌ల తెలిసిన కొర్రమట్ట పూర్తిగ తెగి, నీ నమూనా మాత్రం అట్లనే ఉంటే అప్పుడు కలగలుపు అనుకో, లోపలి కండ మళ్ల తీసి డీఎన్ఏ నుంచి మొదలుపెట్టు. రెండు లేన్లూ తెగకుంటే ఎంజైమే చెడిపోయింది. మంచు దానంతట అదే కరిగే ఫ్రీజర్‌ల పెట్టినవేమో చూడు, అది వేడెక్కి చల్లబడుడు తోని ఎంజైములు పోతయి. ఎన్ఎల్ఏ-3 అయితే మైనస్ 80ల ఉంచేది.