మంగళూరులో ఆగని వాన, అనంతపురంలో ఒట్టి గాలి: మధ్యలో ఏం జరుగుతోంది?

సీమబిడ్డ:
మాది అనంతపురం దగ్గర పల్లె, ఉద్యోగం మంగళూరులో. ఇక్కడ జూలైలో ఉతికిన చొక్కా నాలుగు రోజులైనా ఆరదు, గోడలకు బూజు. పోయిన వారం ఊరికి బయల్దేరితే శిరాడి ఘాట్ ఎక్కేదాకా బస్సు వైపర్ ఆగలేదు, హాసన్ దాటాక వాన సన్నగిల్లింది, తెల్లారి మా ఊళ్లో దిగితే కాలి కింద ఎర్రటి దుమ్ము. మబ్బులు లేవా అంటే ఉన్నాయి, పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తుతున్నాయి, చినుకు మాత్రం లేదు. నాన్న వేరుశనగ విత్తనాలు ఒలిపించి పెట్టుకుని పదును కోసం చూస్తున్నారు, ఫోన్ చేసినప్పుడల్లా అదే టెన్షన్. కొండల మీద చెట్లు కొట్టేశారు కాబట్టే వానలు పోయాయంటారు మా పెదనాన్న. నిజమేనా? అదే గాలి, అదే సముద్రం, అక్కడ అంత కుమ్మరించి మాకెందుకు ఇలా?

గాలివాటం:
బడిలో భూగోళం చెబుతాను, నాకు తెలిసినంత రాస్తాను తమ్ముడూ. అరేబియా సముద్రం మీద తేమ నింపుకొచ్చే గాలికి పడమటి కనుమలు అడ్డం, దాదాపు 1,600 కిలోమీటర్ల పొడవున. దాటాలంటే పైకి ఎక్కాల్సిందే. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది, చల్లబడితే అందులోని ఆవిరి నీటి బొట్లయిపోతుంది. కనుమల అంచున ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైన కురిసేది అందుకే.

కొండ దిగేటప్పుడు అంతా తిరగబడుతుంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, మబ్బులో నీరు అయిపోయిన గాలి కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు. పైగా హాసన్ 900 మీటర్ల పైన ఉంటే అనంతపురం 350 మీటర్ల లోపే, అంటే కనుమలు దాటాక కూడా మీ ఊరిదాకా వాలే. మీరు చూసిన మబ్బులు పలచటివి, వాటిలో చినుకు పుట్టినా నేల తాకేలోపే ఎగిరిపోతుంది. మీకు ఏడాది మొత్తం మీద పడేది 550 మిల్లీమీటర్ల దగ్గర. వర్షచ్ఛాయ ప్రాంతం అనేది దీన్నే. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పేదీ ఈ పడమటి గాలే.

చెరువుగట్టు:
మీ పెదనాన్న గారి మాట గురించి. చెట్లు కొట్టడమే అసలు కారణమైతే ఈ కరువు మన తాతల నాటి నుంచే మొదలై ఉండాలి, అంతకు ముందు ఉండకూడదు. కానీ అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. వానను నమ్ముకోలేకే అంత చెరువు కట్టుకున్నారు. కానీ పడిన కాస్త వాన ఎర్రనేలలో నిలవాలంటే చెట్టూ కావాలి, గట్టూ కావాలి, ఆ రెండూ పాడుచేసుకున్నది మాత్రం మనమే, ఇది తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇక్కడి చెట్టూ చేమా చూడండి. తుమ్మ, రేగు, అన్నీ చిన్న ఆకు, ముల్లు. సీతాఫలం ఎండాకాలం ఆకంతా రాల్చేసి తొలి వాన దాకా కట్టెలా నిలబడుతుంది. మన పెద్దలు కొర్ర, ఆరిక తిన్నదీ అవి బెట్టకు ఓర్చుకుంటాయనే. వేరుశనగ అలా కాదు. ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే వేళ ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, నేల గట్టిపడి ఊడ లోపలికి దిగదు, పీకి చూస్తే రెండు కాయలు. మా చేలో ఎన్ని ఏళ్లు చూశానో.

తీరంవాడు:
మాది నెల్లూరు. మాకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కుండపోత. ఆ వానలు సీమకు రావా?

గాలివాటం:
వస్తాయి గానీ మిగిలింది వస్తుంది. ఈశాన్య గాలి ముందు మీ తీరం మీద కురుస్తుంది, ఆ తర్వాత వెలిగొండలు, శేషాచలం, నల్లమల తమ వంతు తీసుకుంటాయి. వాయుగుండం బలంగా ఉండి లోపలికి వస్తే తప్ప అనంతపురానికి పెద్దగా దక్కదు, రెండు పక్కలా కొండలే మరి. ఆ జిల్లాకు ఎక్కువ వాన సెప్టెంబరులో. అప్పటికి పడమటి గాలి జోరు తగ్గుతుంది, పగటి ఎండకు వేడెక్కిన నేల మీద మబ్బు నిలువుగా లేచి సాయంత్రానికి ఉరుములతో కురుస్తుంది. ఆ నెలలోనే ఉత్తర కార్తె. అదీ ఎండిపోతే ఊరు వదలడమే అని పెద్దలు ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నారు.

సీమబిడ్డ:
నాన్నకు ఫోన్‌లో మొత్తం చదివి వినిపించాను. “గాలి నిలబడితేనే వాన అని మా నాయన కూడా అనేవాడు” అన్నారు. ఐదెకరాల్లో రెండెకరాలు ఈసారి కొర్ర వేద్దామంటున్నారు. ధర్మవరం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా మంచి కొర్ర విత్తనం ఉంటే ఇక్కడే చెప్పండి అన్నా, ఆదివారం ఊరికి వెళ్తున్నాను.