బోరు ఎండాక ఎర్రచందనం మాను లావెక్కడం ఆగింది. మీ దగ్గర ఎలా ఉంది?

కదిరి_ఎర్రనేల: ఆరేళ్ల తోట, మూడెకరాలు. మొదటి నాలుగేళ్లు డ్రిప్ పెట్టాను, మాను చూస్తుండగానే లావెక్కేది. బోరు ఎండి రెండేళ్లయింది. పోయిన మార్చిలో చుట్టుకొలత 31 సెంటీమీటర్లు, నిన్న మధ్యాహ్నం చూస్తే 30.5! మళ్లీ బోరు వేయించాలా? ఒకటి విడిచి ఒకటి తీసేయాలా? నరకడానికి అనుమతి ఎవరిస్తారు?

శేషాచలం_అల్లుడు: నీళ్లు పెట్టడమే తప్పు. కొండ మీద రాళ్ల సందుల్లో పెరిగే చెట్టుకు ఎవరు వేశారండీ డ్రిప్? నీళ్లు తాగితే మాను లావెక్కుతుంది, కోస్తే అంతా తెల్ల చెక్క. కొనేవాడికి కావాల్సింది చేవ, అంటే మాను లోపలి ఎర్ర చెక్క.

డ్రిప్‌వాలా: అల్లుడు గారూ, ఎన్ని కోసి చూశారు?

శేషాచలం_అల్లుడు: ఒకటి. గాలికి పడింది.

డ్రిప్‌వాలా: వయసు?

శేషాచలం_అల్లుడు: ఎనిమిదేళ్లు.

డ్రిప్‌వాలా: ఎనిమిదేళ్ల చెట్టులో నీళ్లు పెట్టకపోతే మాత్రం ఎంత చేవ ఉంటుంది? ఒక్క చెట్టుతో తీర్పు చెప్పేశారు!

టేపు_మాస్టారు: ఆగండిద్దరూ. ముప్పై ఏళ్లు ప్లాంటేషన్లలో కొలతలు తీసినవాణ్ణి. పగలు ఆకులు వదిలినంత నీరు వేర్లు అందించలేవు, అందుకని మాను కొంచెం సన్నబడుతుంది, రాత్రికి మళ్లీ ఉబ్బుతుంది. కరువులో రాత్రి కూడా పూర్తిగా కోలుకోదు. కానీ మీ సైజు చెట్టులో అది అర సెంటీమీటరు రాదు. మీ టేపు జారింది. నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర పెయింట్ గీత గీసి, రోజూ ఒకే వేళకు, తెల్లవారుజామున కొలవండి.

శేషాచలం_అల్లుడు: పొద్దున ఒక లావు, మధ్యాహ్నం ఒక లావా? మాస్టారూ, మేమూ పల్లెలో పుట్టినవాళ్లమే.

టేపు_మాస్టారు: పుడితే సరిపోదు, కొలవాలి. బెరడు కింద కొత్త కణాలు సాగాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి. అది తగ్గితే ఆకు పచ్చగా ఉండగానే మాను లావెక్కడం ఆగిపోతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పోయిన ఏడాది వెనక్కి రాదు.

నల్గొండ_బత్తాయి: మధ్యలో నా గోడు వినండి. పద్నాలుగేళ్ల తోటను ట్యాంకర్లు పెట్టి బతికించాను. ఎండిపోతుందన్న భయంతో మాను మొదట్లోనే నిలబెట్టాను నీళ్లు. బంక తెగులు పట్టి మొదలు కుళ్లింది, కరువు తప్పించుకున్న చెట్లు నీళ్లకు పోయాయి. మాను చుట్టూ ఒకదాని బయట ఒకటి రెండు పాదులు చేసి బయటి పాదుకే నీళ్లు పెట్టమని మా నాన్న అననే అన్నాడు.

డ్రిప్‌వాలా: అందుకే డ్రిప్పర్ మానుకు దూరంగా పెట్టమనేది.

టేకు_మనిషి: మా పొలం గట్టు టేకు దుంగ కోయిస్తే, ఏడాదికొకటి పడే వలయాల్లో 2002ది దారంలా ఉంది. ఆ ఏడు జూలైలో దేశమంతా వానలు ఎగ్గొట్టాయిగా, చెట్టు మర్చిపోలేదు.

శేషాచలం_అల్లుడు: టేకు సంగతి ఇక్కడెందుకు?

టేకు_మనిషి: బత్తాయి సంగతి ఎందుకో అందుకే.

కదిరి_ఎర్రనేల: మాస్టారు గారూ, తెల్లారే వెళ్లాను. పాత గీత జానెడు కిందుంది, నేను పైన కొలిచాను. గీత దగ్గర 31.6. టేపు మా అమ్మాయి కుట్టు మిషన్‌ది, అదీ సాగినట్టుంది.

టేపు_మాస్టారు: స్టీలు టేపు కొనండి. బోరు కంటే ముందు వాలుకు అడ్డంగా కందకాలు తీయించండి, వాన నీరు వేర్లకు దిగుతుంది.

కదిరి_ఎర్రనేల: సరే. అనుమతి సంగతి ఎవరూ చెప్పలేదు.

నల్గొండ_బత్తాయి: మీ వైపు ట్యాంకర్ ఎంతకొస్తోందన్నా?